చిక్కిపోయిందా? సన్నబడిందా?

మూడేళ్ళ క్రితం మాఘమాసంలో చుట్టాల పెళ్ళికి తెనాలి వెళ్ళాం. అక్కడ మా అక్క కూతురు కనిపించింది. ఇంజినీరింగ్ రెండో ఏడాది, హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. నేను దాన్ని చూసి ఆర్నెల్లయింది. లంగా ఓణీలో సన్నగా, తీగలా ఉంది. చూడగానే, "అబ్బ! ఎంత సన్నబడ్డావే! ఏం చేశావేంటి? మాక్కూడా చెప్పు" అన్నాను. పక్కనున్న మా ఆడపడుచు, మా వదిన కూడా అదే మాట అన్నారు. పిల్ల సిగ్గుపడి నవ్వింది. ఆ రోజు దానికి పెళ్ళికూతురికి వచ్చినన్ని మెప్పులు వచ్చాయంటే నమ్మండి.

మా అమ్మ ఒక్కత్తే ఆ మెప్పుల్లో కలవలేదు. దాని మణికట్టు పట్టుకుని చూసి, "సన్నబడటమేంటే? పిల్ల చిక్కిపోయింది. కళ్ళు చూడండి, ఎలా లోపలికి పోయాయో" అంది. "నీకు మనవలెప్పుడూ చిక్కిపోయినట్టే కనిపిస్తారులే అమ్మా" అని అందరం నవ్వేశాం. నేనూ నవ్వాను.

నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు తెల్లవారుజామున హాస్టల్ నుంచి అక్కకి ఫోన్. పిల్ల బాత్‌రూంలో కళ్ళు తిరిగి పడిపోయిందట. ఆస్పత్రిలో చేర్చాక తెలిసిందేమిటంటే, ఏడాదిగా అది సరిగ్గా తినడం లేదు. తిన్న రోజున ఆ తిన్నది కడుపులో ఉంచుకోవడం లేదు. నెలసరి ఆగిపోయి ఎనిమిది నెలలైంది. ఆ మాట తల్లికి కూడా చెప్పలేదు.

ఈ సంగతి ఇప్పుడు రాయడానికి ఆ పిల్ల ఒప్పుకుంది. "పేరు రాయకు పిన్నీ. మిగతాదంతా రాయి. నాలాంటి వాళ్ళు మా క్లాసులోనే ఇంకా ఉన్నారు" అంది. అందుకే రాస్తున్నాను.

డైటింగ్ కాదు, జబ్బు

తిండికి సంబంధించిన మానసిక రుగ్మతలు ప్రధానంగా మూడు. మొదటిది అనొరెక్సియా. లావైపోతానన్న భయంతో తిండి తగ్గించుకుంటూ పోవడం, ఎంత చిక్కిపోయినా అద్దంలో ఇంకా లావుగానే కనిపించడం దీని లక్షణాలు. ఈ జబ్బుకి 1870లలో ఇంగ్లండ్ వైద్యుడు విలియం గల్ పేరు పెట్టాడు. అంటే ఇది సెల్‌ఫోన్లతో పుట్టిన జబ్బు కాదన్నమాట. రెండోది బులీమియా. అదుపు తప్పి తినేయడం, తర్వాత తప్పు చేశామన్న బాధతో ఆ తిన్నదాన్ని ఎలాగోలా వదిలించుకోవాలని చూడటం. దీన్ని 1979లో లండన్ వైద్యుడు జెరాల్డ్ రసెల్ వేరే జబ్బుగా వివరించాడు. మూడోది బింజ్ ఈటింగ్. ఆకలితో పనిలేకుండా, ఎవరూ చూడకుండా, ఆపుకోలేక తినడం, ఆపైన కుమిలిపోవడం. అమెరికా మానసిక వైద్యులు 2013లో దీన్ని విడిగా ఒక జబ్బుగా గుర్తించారు.

వీటిలో అనొరెక్సియా సంగతి మనందరం గట్టిగా తెలుసుకోవాలి. మానసిక జబ్బులన్నిటిలో ఎక్కువ ప్రాణాలు తీసే వాటిలో అదొకటి. ఒంట్లో పొటాషియం వంటి లవణాలు తగ్గి గుండె లయ తప్పొచ్చు. ఎముకలు గుల్లబారతాయి. జుట్టు రాలిపోతుంది. ఎండాకాలంలోనూ చలేస్తుంది. పాశ్చాత్య సంగీతం వినేవాళ్ళకి కరెన్ కార్పెంటర్ గుర్తుండే ఉంటుంది. ఆ గాయని 1983లో ఈ జబ్బుతోనే గుండె ఆగి చనిపోయింది. అప్పటికి ఆమెకు 32 ఏళ్ళు. బ్రిటన్ యువరాణి డయానా తనకు ఏళ్ళ తరబడి బులీమియా ఉండేదని 1995లో బీబీసీ టీవీలో స్వయంగా చెప్పింది.

"అవన్నీ దొరల దేశపు జబ్బులు. అన్నం దొరక్క బాధపడే దేశంలో అన్నం మానేసే జబ్బేమిటి?" అనే వాళ్ళున్నారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. కానీ 2025 మార్చిలో కేరళలో ఒక కాలేజీ అమ్మాయి ఇలాగే తిండి మానేసి చనిపోయిందని పత్రికలన్నీ రాశాయి. ఆన్‌లైన్ వీడియోలు చూసి, నెలల తరబడి దాదాపు నీళ్ళతో గడిపిందట. కన్నవాళ్ళకి తెలిసేసరికి ఆలస్యమైపోయింది. ఆ పిల్ల దొరల దేశంలో పుట్టలేదు. మన దేశంలోనే, మనలాంటి ఇంట్లోనే పుట్టింది.

ఒక మాట తిరగబడింది

మా అమ్మ తరంలో ఎవరైనా ఊరి నుంచి వస్తే ముందు అనే మాట "అయ్యో, చిక్కిపోయావే!" అని. ఆ మాటలో దిగులుంది, ప్రేముంది. పిల్ల కాస్త పుష్టిగా కనిపిస్తే "ఒళ్ళు చేసింది, చల్లగా ఉంది" అని దిష్టి తీసేవాళ్ళు. అత్తారింటి నుంచి వచ్చిన కూతురు చిక్కిపోయి కనబడితే ఆ అత్తారింట్లో ఏదో కష్టం ఉందని తల్లికి ఇట్టే తెలిసిపోయేది. ఆ రోజుల్లో ఆడపిల్ల బుగ్గలు ఆ ఇంటి క్షేమసమాచారం.

ఇప్పుడు అదే పిల్లని చూసి "సన్నబడ్డావే!" అంటున్నాం. ఒళ్ళు అదే, ఎముకలు అవే, మాట ఒక్కటే మారింది. దిగులు పడాల్సిన చోట మెప్పు వచ్చి కూర్చుంది. ఏ జబ్బైనా మొదట్లో పట్టుకుంటే త్వరగా నయమవుతుంది. ఈ జబ్బుకేమో మొదట్లో మనం చప్పట్లు కొడతాం. ఇక ఎలా పట్టుకుంటాం?

ఒక మాట తిరగబడితే ఎంత నష్టమో చెప్పడానికి ఫిజీ దీవుల ఉదాహరణ ఉంది. అక్కడ సంప్రదాయంగా పుష్టిగా ఉండటమే అందం. అతిథికి కొసరి కొసరి పెట్టడం మర్యాద. ఎవరైనా చిక్కిపోతే చుట్టాలు కంగారుపడతారు. అచ్చం మన అమ్మమ్మల కాలం లాగే! ఆ దేశంలోని నంద్రోగా అనే ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆన్ బెకర్ అనే పరిశోధకురాలు, టీవీ వచ్చిన కొత్తలో ఒకసారి, మూడేళ్ళ తర్వాత 1998లో మరోసారి అక్కడి హైస్కూలు ఆడపిల్లలని ప్రశ్నించింది. బరువు తగ్గడం కోసం వాంతి చేసుకుంటామన్న పిల్లలు మొదటిసారి ఒక్కరూ లేరు. మూడేళ్ళకి నూటికి 11 మంది తేలారు. తిండి విషయంలో ప్రమాదపు అంచున ఉన్న పిల్లలు నూటికి 13 మంది నుంచి 29 మందికి పెరిగారు. తాము లావుగా ఉన్నామని అనుకునే వాళ్ళు నూటికి 74 మంది. ఇదంతా మూడంటే మూడేళ్ళలో!

మన ఇళ్ళల్లోకి కేబుల్ టీవీ వచ్చింది కూడా ఆ ప్రాంతంలోనే. 1994లో సుస్మితా సేన్ విశ్వసుందరి, ఐశ్వర్యా రాయ్ ప్రపంచ సుందరి అయ్యారు. 1996లో బెంగళూరులో ప్రపంచ సుందరి పోటీలు జరిగితే మహిళా సంఘాలు వీధుల్లోకి వచ్చి నిరసన తెలిపాయి. "వీళ్ళకేం పనిలేదా?" అని అప్పట్లో చాలామంది నవ్వారు. పోటీలు అయిపోయాయి, కొలతలు మాత్రం మనింట్లో ఉండిపోయాయి. సావిత్రి నిండైన రూపాన్ని చూసి మురిసిపోయిన తెలుగువాళ్ళమే, 2008లో ఒక హిందీ సినిమా పుణ్యమా అని 'సైజ్ జీరో' అనే మాట నేర్చుకున్నాం. 2015లో అనుష్క బరువు పెంచుకుని మరీ అదే పేరుతో తెలుగులో సినిమా చేసింది. లావుగా ఉన్న కూతురికి పెళ్ళి కావడం లేదని తల్లి పడే ఆరాటం, అడ్డదారిలో బరువు తగ్గిస్తామనే క్లినిక్కు మోసం అందులో కథ. అదే ఏడాది జూన్‌లో, ఒకప్పుడు మనందరం అభిమానించిన ఆర్తీ అగర్వాల్ అమెరికాలో 31 ఏళ్ళకే కన్నుమూసింది. అంతకు కొన్ని వారాల ముందే కొవ్వు తీయించుకునే ఆపరేషన్ చేయించుకుందని వార్తలొచ్చాయి. ఆమె బరువు గురించి అంతకు ముందు మనం ఎన్ని వ్యాఖ్యలు చదవలేదు, ఎన్ని చేయలేదు?

పెళ్ళిచూపుల తూకం

సినిమాలని తిట్టి ఊరుకుంటే సులువే. కానీ మా అక్క కూతురు చెప్పిన మొట్టమొదటి కారణం సినిమా కాదు. ఇంటర్ సెలవుల్లో ఇంటికొచ్చిన ఒక చుట్టం, "చదువులకేం గానీ, ఇలాగే ఉంటే రేపు సంబంధాలు చూడటం కష్టం వదినా" అని మా అక్కతో అందట. పిల్ల పక్క గదిలోనే ఉంది. అప్పటికి దానికి పదిహేడేళ్ళు. ఆ మాట అన్నావిడకి ఈ రోజు గుర్తు కూడా లేదు. విన్న పిల్ల మర్చిపోలేదు.

పెళ్ళి ప్రకటనలు ఒకసారి తిరగేయండి. తెల్లగా, పొడవుగా, సన్నగా ఉండాలి. చదువు, ఉద్యోగం ఆ తర్వాత. ఈ రోజుల్లో పెళ్ళి సంబంధాల వెబ్‌సైట్లలో అయితే ఒళ్ళెలా ఉంటుందో నింపడానికి ప్రత్యేకంగా ఒక గడే ఉంటుంది. చీర కట్టుకుని కాఫీ కప్పులు పట్టుకొచ్చే పెళ్ళిచూపుల్లో కనీసం పిల్ల నవ్వు, మాట తీరు కూడా చూసేవాళ్ళు. ఇప్పుడు ఫోటో చూసి వేలితో పక్కకి తోసేస్తున్నారు.

దీనికి తోడు పీసీఓడీ ఒకటి. నెలసరి సరిగ్గా రావడం లేదని ఆడపిల్లని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, "బరువు తగ్గాలమ్మా" అని ఒక్క ముక్క చెప్పి పంపేయడం చాలాచోట్ల జరుగుతోంది. సలహా తప్పు కాకపోవచ్చు. కానీ ఎంత తగ్గాలి, ఏం తింటూ తగ్గాలి, ఎక్కడ ఆగాలి అన్నది చెప్పే ఓపిక ఎవరికీ లేదు. పదహారేళ్ళ పిల్ల ఆ ఒక్క ముక్క పట్టుకుని ఇంటికొచ్చి ఫోను తెరుస్తుంది. అందులో ఒకరు కొబ్బరినూనె తాగమంటారు, ఒకరు అన్నం విషమంటారు, ఒకరు పద్దెనిమిది గంటలు పస్తుండమంటారు. పిల్ల అన్నీ కలిపి చేస్తుంది.

ఈ పాపంలో నా వాటా కూడా ఉంది. ఇలాంటి పేజీలకు ఏళ్ళ తరబడి రాస్తున్నదాన్ని నేను. 'పండగలోపు నాజూకు నడుము' వంటి శీర్షికలు నేనూ పెట్టాను. ఆ వ్యాసం చివర "వైద్యుల సలహా తీసుకోండి" అని ఒక వాక్యం రాసి చేతులు దులుపుకున్నాను. మా అక్క కూతురి హాస్టల్ పెట్టెలో అలాంటి కత్తిరింపులు కొన్ని దొరికాయి. వాటిలో నేను రాసింది ఒకటుంది.

అద్దం జేబులోకి వచ్చింది

పాతకాలం అద్దం గోడ మీద ఉండేది. తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని వచ్చేసేవాళ్ళం. ఇప్పుడు అద్దం జేబులో ఉంది. పైగా ఆ అద్దం అబద్ధాలు చెబుతుంది. ఫిల్టర్లతో ముఖం సన్నం చేస్తుంది, నడుం లాగేస్తుంది. పిల్ల తన అసలు ముఖాన్ని తన ఫిల్టర్ ముఖంతో పోల్చుకుని ఓడిపోతుంది. పక్కింటి అమ్మాయితో పోటీపడి ఓడిపోతే ఒకనాటికైనా సర్దుకుపోవచ్చు. లేని మనిషితో పోటీపడితే గెలిచేదెప్పుడు?

బరువు తగ్గించే వీడియో ఒకటి చూస్తే ఆ యాప్ అలాంటివి మరో ఇరవై తెచ్చి ముందు పెడుతుంది. ఆపకుండా చూడటమే దాని వ్యాపారం. 2021లో ఫేస్‌బుక్ మాజీ ఉద్యోగిని ఫ్రాన్సెస్ హాగెన్ ఆ సంస్థ లోపలి కాగితాలు బయటపెట్టింది. తమ ఒంటిని చూసి పిల్లలు పడే బాధని ఇన్‌స్టాగ్రామ్ మరింత పెంచుతోందని, టీనేజీ ఆడపిల్లల్లో ముగ్గురిలో ఒకరి విషయంలో ఇలా జరుగుతోందని ఆ సంస్థ సొంత పరిశోధకులే 2019లో రాసుకున్నారు. తెలిసీ అలాగే నడిపించారన్నదే అప్పట్లో వచ్చిన గొడవంతా.

ఉపవాసం చాటున

మన దగ్గర ఈ జబ్బు దాక్కోవడానికి చోట్లు చాలా ఉన్నాయి. మా పిల్లకి ఉన్నట్టుండి భక్తి పెరిగింది. సోమవారం శివుడికి, శనివారం వెంకన్నకి ఒక్కపొద్దు. మేమంతా "ఈ కాలంలో ఇలాంటి పిల్ల ఏ ఇంట్లో ఉంది!" అని మురిసిపోయాం. కార్తీకమాసంలో నాలుగు రోజులు దాన్ని దగ్గరుండి చూసిన మా అమ్మ మాత్రం, "కార్తీక సోమవారం ఉపవాసం ఉన్నవాళ్ళు సాయంత్రం చుక్కని చూసి అన్నం తింటారు. ఇది చుక్కా చూడదు, ముద్దా చూడదు. ఇదేం ఉపవాసమే?" అంది. ఈ తేడా చెప్పడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. ఉపవాసానికి ఒక ముగింపు ఉంటుంది. ఆ ముగింపు కోసం మనిషి ఎదురుచూస్తాడు. జబ్బులో ఆ ముగింపు అంటేనే భయం.

ఆడవాళ్ళు అందరికీ వడ్డించి చివర్లో తినడం మనకి అలవాటు. ఎవరు ఎంత తిన్నారో ఆ చివరి పంక్తిలో అడిగేవాళ్ళుండరు. హాస్టల్లో అయితే మరీనూ. "మెస్ బాగాలేదు" అన్న ఒక్క మాటతో ఏడాదంతా దాచేయొచ్చు. తెల్లవారుజామున లేపి రాత్రి పదకొండు దాకా కూర్చోబెట్టే ఇంటర్ కాలేజీ హాస్టళ్ళలో మార్కులు, ర్యాంకులు, సెక్షన్లు ఏవీ పిల్లల చేతిలో ఉండవు. "నా చేతిలో ఉన్నది నేను తినే ముద్ద ఒక్కటే అనిపించింది పిన్నీ. ఆకలిని గెలిచిన రోజు ఫస్ట్ ర్యాంక్ వచ్చినంత గర్వంగా ఉండేది" అని మా పిల్ల చెప్పినప్పుడు నాకు నోట మాట రాలేదు. అందం కోసం మొదలైంది, చివరికి అందంతో సంబంధం లేకుండా పోయింది.

1995లో ఢిల్లీ ఎయిమ్స్ మానసిక వైద్యులు తమ దగ్గరికి వచ్చిన ఐదుగురు యువతుల గురించి ఒక వ్యాసం రాశారు. తిండి మానేయడం, బరువు తగ్గిపోవడం, నెలసరి ఆగిపోవడం అన్నీ ఉన్నాయి. కానీ పుస్తకాల్లో రాసినట్టు "లావైపోతాం" అన్న భయం వాళ్ళలో కనిపించలేదు. మన దేశంలో పిల్లలు తరచు "కడుపులో మంట, ఆకలి లేదు, వికారం" అంటారు. అందుకే ముందు గ్యాస్ డాక్టరు దగ్గరికి, తర్వాత ఆడవాళ్ళ డాక్టరు దగ్గరికి తిరుగుతాం. మా అక్క కూడా అలాగే తిరిగింది. గ్యాస్ మాత్రలు, రక్తం పట్టడానికి టానిక్కులు రాశారు. మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అంతమంది పాలిపోయి ఉన్నచోట ఈ ఒక్క పిల్ల పాలిపోవడం ఎవరి కంట పడుతుంది?

మొండితనం కాదు, ఆకలి చేసే పని

అన్ని తప్పులూ సమాజానివే అంటే అదీ సరికాదు. అదే చుట్టం మాట విని, అవే వీడియోలు చూసి వందమంది పిల్లలు మామూలుగానే ఉంటారు. ఒకరు మాత్రం జబ్బు పడతారు. కవలల మీద జరిగిన పరిశోధనలు ఈ జబ్బులో వంశపారంపర్యం వాటా కూడా పెద్దదేనని తేల్చాయి. ప్రతిదీ పొల్లుపోకుండా చేయాలనుకునే స్వభావం, ఆందోళన ఎక్కువగా ఉండటం కూడా కారణాలే. తల్లి పెంపకం లోపమని నింద వేయడం మాత్రం అన్యాయం. మా అక్క ఇప్పటికీ ఆ నింద మోస్తోంది.

"ఇంత చదువుకుంది, ఆమాత్రం తెలీదా? ఒక ముద్ద తింటే ఏం పోతుంది?" అని అడుగుతారు. దీనికి జవాబు రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లోనే దొరికింది. యూరప్‌లో కరవుతో చిక్కి శల్యమైన జనానికి మళ్ళీ తిండి ఎలా అలవాటు చేయాలో తెలుసుకోవడానికి 1944, 45లలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు ఒక ప్రయోగం చేశాడు. యుద్ధానికి వెళ్ళనన్న 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు అందుకు ముందుకొచ్చారు. ఆరునెలలు వాళ్ళకి అరకొర తిండి పెట్టారు. ఏమైందో చూడండి. రోజంతా తిండి గురించే ఆలోచన. కొందరు వంటల పుస్తకాలు పోగుచేయడం మొదలుపెట్టారు. పళ్ళెంలో ఉన్నదాన్ని చిన్నచిన్న ముక్కలు చేసుకుని గంటల తరబడి తిన్నారు. చిరాకు, దిగులు, ఎవరితోనూ కలవకపోవడం. మళ్ళీ తిండి పెట్టాక కూడా కొందరికి చాలాకాలం అదుపు లేకపోయింది. వాళ్ళెవరికీ అందం పిచ్చి లేదు. పస్తులే వాళ్ళ మనసులని అలా మార్చేశాయి.

అది చదివినప్పుడు నాకు మా పిల్ల సంక్రాంతి సెలవులు గుర్తొచ్చాయి. ఫోనులో చూసి గుత్తివంకాయ కూర, బొబ్బట్లు చేసి అందరికీ కొసరి కొసరి వడ్డించింది. తను మాత్రం "వాసనకే కడుపు నిండిపోయింది" అంది. మేము దాని చేతివంటని మెచ్చుకున్నాం. దాని కంచం ఎక్కడుందో చూడలేదు.

మగపిల్లల సంగతి కూడా ఒక మాట. వీళ్ళకి సన్నబడటం కాదు, కండలు పెంచడం పిచ్చి. జిమ్ము, పొడులు, గుడ్డులో తెల్లసొన లెక్కలు. ఒక్కరోజు జిమ్ము మానేస్తే కుంగిపోతారు. "బుద్ధిగా వ్యాయామం చేస్తున్నాడు" అని మనం సంతోషిస్తాం. అనొరెక్సియా, బులీమియా కూడా మగపిల్లలకు వస్తాయి. ఆడపిల్లల జబ్బన్న ముద్ర వల్ల వాళ్ళు ఇంకా ఎక్కువ దాచుకుంటారు.

మనం ఏం గమనించాలి, ఏం చేయాలి?

ఇంట్లో వాళ్ళతో కలిసి తినడం తప్పించుకోవడం. "ఇప్పుడే తిన్నా" అన్న మాట మరీ తరచుగా వినబడటం. తిన్న వెంటనే బాత్‌రూంకి వెళ్ళి చాలాసేపు ఉండిపోవడం. రోజుకి పదిసార్లు బరువు చూసుకోవడం, అద్దంలో ఒళ్ళు తడుముకోవడం. ఉక్కపోతలోనూ వదులు బట్టలు, నిండు చేతులు. నెలసరి ఆగిపోవడం, జుట్టు రాలడం, పళ్ళు పాడవడం, తరచు కళ్ళు తిరగడం. ఇవి రెండు మూడు కలిసి కనిపిస్తే ఆలస్యం చేయకండి. ఇంకో మాట. మనిషి సన్నగా లేదు కదా అని కొట్టిపారేయకండి. బులీమియా, బింజ్ ఈటింగ్ ఉన్నవాళ్ళు మామూలుగానో లావుగానో ఉండొచ్చు.

బలవంతంగా నోట్లో కుక్కడం, తిట్టడం, "నీ మీద ఒట్టు" అనడం పనిచేయవు. చాలాకాలం పస్తున్న ఒంటికి ఒక్కసారిగా బాగా పెట్టేయడం కూడా ప్రాణం మీదికి రావచ్చు. కాబట్టి ముందు మంచి ఫిజీషియన్‌కి చూపించి రక్త పరీక్షలు, గుండె పరీక్ష చేయించాలి. దాంతో పాటే మానసిక వైద్యుల దగ్గరికి వెళ్ళాలి. "పిచ్చి డాక్టరు దగ్గరికా? రేపు దాని పెళ్ళో?" అన్నవాళ్ళు మా ఇంట్లోనూ ఉన్నారు. మా బావగారు ఒకే ఒక్క మాట అన్నారు: "ముందు పిల్ల బతకాలి కదా, పెళ్ళి తర్వాత చూద్దాం." ఆ మాటే దాన్ని కాపాడిందని నా నమ్మకం.

ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే ప్రభుత్వ ఉచిత ఫోను 14416 ఉంది. 2022 అక్టోబర్‌లో మొదలైన ఈ టెలి మానస్‌లో రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడేవాళ్ళు ఉంటారు. చికిత్స విషయంలో లండన్ మాడ్‌స్లీ ఆస్పత్రి వైద్యులు 1980ల నుంచి అభివృద్ధి చేసిన పద్ధతి ఒకటి చిన్న వయసు వాళ్ళకి బాగా పనిచేస్తోంది. కన్నవాళ్ళని దోషులుగా చూడకుండా, వాళ్ళ చేతనే ఓపికగా ఒక్కో పూటా పిల్లకి తినిపించడం అందులో కీలకం. మనింట్లో కూర్చుని తినిపించడం మనకు కొత్త విద్యేం కాదు కదూ!

మా అక్క ఉద్యోగానికి ఆరునెలలు సెలవు పెట్టి అదే చేసింది. పిల్ల కాలేజీ ఒక ఏడాది వెనకబడింది. మధ్యలో రెండుసార్లు జబ్బు తిరగబెట్టింది. ఒకసారి కంచం విసిరికొట్టింది కూడా. ఇప్పుడు బాగానే ఉంది. పూర్తిగా నయమైందని మాత్రం డాక్టరు ఇంకా అనలేదు. నెలసరి తిరిగి వచ్చిన రోజున మా అక్క నాకు ఫోన్ చేసి, ఏడుస్తూ నవ్వింది.

ఇక మన సంగతి. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో కనిపించిన పిల్లని పలకరించడానికి దాని ఒళ్ళు తప్ప మనకు వేరే విషయమే లేదా? ఏం చదువుతోంది, నిద్ర పడుతోందా, స్నేహితులెవరు, ఏం చూసి నవ్వుతోంది అని అడగొచ్చు కదా? "లావయ్యావ్" అనడం ఎంత తప్పో, "సన్నబడ్డావ్" అని మెచ్చుకోవడం అంతే తప్పు. మొదటిది పిల్లని తోస్తుంది, రెండోది తిరిగి రానివ్వదు. మన పిల్లల ముందు మన ఒంటినే మనం తిట్టుకోవడం కూడా మానాలి. "ఛీ, ఎలా అయిపోయానో చూడు" అని అద్దం ముందు తల్లి అన్న మాట కూతురికి పాఠమవుతుంది.

ఈ నెలలో మళ్ళీ ఒక పెళ్ళికి వెళ్ళాం. పంక్తిలో మా అమ్మకీ నాకూ మధ్య మా పిల్ల కూర్చుంది. విస్తట్లో పులిహోర వేస్తుంటే "కొంచెం చాలు" అంది. కొంచెమే తిన్నా, వేయించుకున్నదంతా తింది. అప్పుడే ఎవరో తెలిసినావిడ వచ్చి, దాన్ని చూసి, "ఏమ్మా, కాస్త ఒళ్ళు చేశావే!" అంది. నా గుండె ఆగినంత పనైంది. పిల్ల చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"అవునమ్మా, ఒళ్ళు చేసింది. చల్లగా ఉంది నా మనవరాలు" అంది మా అమ్మ.

ఒక్క క్షణం ఆగి, పిల్ల ఆ ముద్ద నోట్లో పెట్టుకుంది.